తుంపరకు వేరు కాపురం

మొక్కల గది తలుపు తీయగానే కోడలి కళ్లద్దాలు మసకబారాయి. రోజూ జరిగేదే. తుడుచుకున్నా మళ్లీ మసకబారతాయి కాబట్టి తుడుచుకోకుండానే లోపలికి నడిచింది. అద్దాల అవతల ఒక ఆకుపచ్చ, దాని అవతల ఇంకాస్త లేత ఆకుపచ్చ, ఆ వెనక ఎక్కడో వదిన ఉంది.

పొడవాటి బల్లల మీద పళ్లేలు, పళ్లేల నిండా గోరంత మొక్కలు. గాజు సీసాల్లో పుట్టి నిన్నమొన్ననే బయటిగాలికి వచ్చినవి. వేళ్లు ఇంకా పట్టలేదు. గాలి ఒక్క పూట పొడిబారితే తలలు వేలాడేస్తాయి. అందుకని పైన గొట్టం పొడుగునా చిన్న చిన్న నాజిళ్లు బిగించారు. అవి ఉండుండి ఉస్సుమంటాయి. అన్నప్పుడల్లా గది కాసేపు తెల్లగా చెరిగిపోయి, మళ్లీ నెమ్మదిగా తేటపడుతుంది. ఆ మధ్యలో ఎవరెక్కడున్నారో కనిపించదు, మాటలు మాత్రం వినిపిస్తాయి.

“చెవి పెట్టి విను,” అంది ఆ తెల్లదనంలోంచి వదిన. “ఆ మూలది.”

కోడలు విన్నది. “అన్నీ ఒకేలా ఉన్నాయి వదినా.”

“ఒకేలా ఉండవు. అది బొంగురుపోయింది. సున్నం పట్టింది. ఇవాళ కడక్కపోతే రేపటికి మూసుకుపోతుంది.” వదిన స్టూలెక్కి, నాజిల్‌ని రెండు వేళ్లతో తిప్పి విప్పి, కోడలి అరచేతిలో పెట్టింది. “సూదితో పొడవకు. కన్నం పెద్దదైపోతుంది. పాత టూత్‌బ్రష్షుతో రుద్దాలి, వెనకనించి.”

“నాకెందుకు చెప్తున్నారు? మీరున్నారుగా.”

“వింటే నీ సొమ్మేం పోయింది?”

కోడలు నవ్వేసింది కానీ లోపల ఎక్కడో కలుక్కుమంది. ఈమధ్య వదిన ఇలా ఒక్కొక్కటీ అప్పజెబుతోంది, ఎవరో పొమ్మన్నట్టు.

ఆ నర్సరీ అత్తగారిది. అమ్మకాలు కొడుకువి, మొక్కల గది కూతురైన ఈ వదినది, కంప్యూటరు కోడలిది. పేచీలు అందరివీ. పొద్దున టీ వేళకు నలుగురూ వంటగదిలో ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. అక్కాతమ్ముళ్లిద్దరూ ఎడమొహం పెడమొహం. అలాగని మాటల్లేవని కాదు, అమ్మ మీదుగా మాట్లాడుకుంటారు.

“అమ్మా, అక్కకు చెప్పు. గురువారం టోకు వ్యాపారి మనిషి వస్తున్నాడు.”

అక్క అతనికి మోచేతి దూరంలో కూర్చుని రొట్టెకు వెన్న రాసుకుంటోంది.

“విన్నావుగా,” అంది అత్తగారు.

“విన్నాను. ఎందుకట?”

“ఎందుకటరా?”

“వాళ్ల ప్రోగ్రాము మన కంప్యూటర్లో నడుస్తోందో లేదో చూసుకోడానికి. గదిలో వేడి ఎంత, తేమ ఎంత, అన్నీ వాళ్లు అక్కణ్నించే చూస్తారట. అది పెట్టుకోని వాళ్ల దగ్గర ఇక మొక్కలు కొనరట.” అతను టీ ఊదుకున్నాడు. “అందులోనే టైమరు కూడా ఉంది. నీళ్లు అదే చల్లుతుంది. మన పాతదాన్ని పీకేస్తే సరి. పొద్దస్తమానం ఆ గదిలో ఒక మనిషి కాపలా కాయాల్సిన పనీ తప్పుతుంది.”

పాతదంటే వదిన తన చేత్తో రాసిన ప్రోగ్రాము. దానికి ఆమె పెట్టుకున్న పేరు తుంపర. ఇక ఆ ‘ఒక మనిషి’ ఎవరో బల్ల దగ్గర ఎవరినీ అడగక్కర్లేదు. వదిన వెన్న రాయడం పూర్తిచేసి, రొట్టెను మధ్యకు మడిచి, తాపీగా కొరికింది.

కోడలికి ఒళ్లు మండింది. తుంపర పోతే ఈ ఇంట్లో వదినకు కుర్చీ మిగులుతుంది గానీ చోటు మిగలదు. అది ఆమె భర్తకు తెలియక కాదు, తెలిసినట్టు కనబడకపోతే అందరికీ సుఖమని అతని లెక్క.

“పాతదాన్ని పీకకుండానే కొత్తది పెట్టొచ్చు,” అంది కోడలు, పెట్టొచ్చో లేదో తనకే తెలియకుండా.

“గురువారంలోగా పెట్టు మరి,” అన్నాడు భర్త.

కంప్యూటరు మొక్కల గదిని ఆనుకుని ఉన్న ఇరుకు గదిలో, గాజు గోడ పక్కన ఉంటుంది. గాజుకు అవతల నీటి చారలు దిగుతుంటాయి. ఇవతల తెర మీద అక్షరాలు దిగుతుంటాయి. పంకా గుయ్‌మంటూ తిరుగుతూ ఉంటే, కాసేపటికి ఏది నీళ్లో ఏది అక్షరాలో తెలియని మగత కమ్ముకుంటుంది. కోడలికి ఆ గదంటే ఇష్టం. అక్కడ కూర్చుంటే ఇంట్లో ఉన్నట్టూ ఉంటుంది, ఇంటికి దూరంగా ఎక్కడో నీళ్లడుగున ఉన్నట్టూ ఉంటుంది.

ఆ కంప్యూటర్లో ఉన్నది లినక్సు. అందులో కూడా ఎవరి బతుకు వారిది కాదు. ఏ ప్రోగ్రామూ తనకు కావలసిన పనిముట్లన్నీ తానే మోసుకురాదు, పదిమందితో కలిసి వాడుకుంటుంది. అలా ఉమ్మడిగా వాడుకునే పనిముట్ల పెట్టెను లైబ్రరీ అంటారు. నీటి వాల్వులతోనూ, తేమ కొలిచే పరికరాలతోనూ మాట్లాడే లైబ్రరీ అలాంటిదే ఒకటుంది. తుంపరకు దాని పాత రకం కావాలి. టోకు వ్యాపారి పంపిన ప్రోగ్రాముకు కొత్త రకం కావాలి. ఆ ప్రోగ్రాము పేరు కొలమానం. చిక్కేమిటంటే, లైబ్రరీల్లో పాతదీ కొత్తదీ ఒక ఇంట్లో ఇమడవు. ఒకటి గడప లోపలికి అడుగు పెడితే రెండోది మూట సర్దుకోవాల్సిందే.

కోడలు కొలమానాన్ని పెట్టమని ఆజ్ఞ ఇచ్చింది. కంప్యూటరు కాసేపు ఆలోచించి కుదరదంది. దానికి కొత్త లైబ్రరీ కావాలి, ఇక్కడ పాతదాన్ని ఎవరో పట్టి ఉంచారు, అని చెప్పింది. పట్టి ఉంచడమంటే, ఎన్ని అప్‌డేట్లు వచ్చినా దీన్ని మాత్రం ముట్టుకోవద్దని కంప్యూటరుకు ముందే చెప్పి పెట్టుకోవడం.

గాజు గోడలో చెయ్యి పట్టేంత కిటికీ ఉంది. కోడలు దాన్ని తెరిచింది. “వదినా, పాత లైబ్రరీని పట్టి ఉంచింది మీరేనా?”

అవతల గాజు మీద ఒక అరచెయ్యి గుండ్రంగా తిరిగింది. ఆ తుడిచినంత మేర వదిన మొహం కనబడింది. “నేనే. నువ్వు అప్‌డేట్ చేసినప్పుడల్లా తుంపర ఆగిపోతోందని. పట్టి ఉంచకపోతే జారిపోతుంది.” తుడిచిన చోటు మళ్లీ మసకబారుతూ ఉంటే ఇంకో మాట అంది. “ఇలా పట్టుకుని కూర్చోవడం కూడా ఒక ఉద్యోగమేనే.”

లైబ్రరీని తీసేస్తే దాని మీద ఆధారపడ్డవాళ్లు ఎవరెవరు పడిపోతారో చెప్పమని అడిగే వీలు కూడా ఉంది. కోడలు అడిగింది. ఒకే పేరు వచ్చింది, తుంపర. ఆ ఒక్క పేరునూ చాలాసేపు చూస్తూ కూర్చుంది.

అప్పుడే వదిన ఫోను మోగింది. తడిచేతులు పమిటకు తుడుచుకుంటూ ఆమె వెనక తలుపు దగ్గరకు వెళ్లి గొంతు తగ్గించి మాట్లాడింది. కిటికీ తెరిచే ఉండటంతో రెండు మూడు మాటలు ఇటు వచ్చి పడ్డాయి. “లేదండీ, ఇప్పుడప్పుడే రాలేను... గది చూసి పెట్టడం మీ మంచితనం... ఇక్కడ ఇంకా తెమల్లేదు.” కోడలికి గుండె చివుక్కుమంది. వదిన బయట గది వెతుక్కుంటోందన్నమాట. గెంటించుకోకముందే పోదామని. కిటికీ చప్పుడు కాకుండా మూసి, ఏమైనా సరే ఈ తుంపర ఈ ఇంట్లోంచి కదలదు అనుకుంది.

మరుసటి రోజు పొద్దున తుంపరను విప్పి, కొత్త లైబ్రరీతోనే మళ్లీ కట్టి చూసింది. కట్టడం కుదిరింది. నాజిళ్లు ఉస్సుమన్నాయి. ఉస్సుమంటూనే ఉన్నాయి. గది తెల్లబడి, ఇంకా తెల్లబడి, బల్లలు మునిగిపోయాయి. వదిన గుడ్డిగా నడుచుకుంటూ వెళ్లి పెద్ద కుళాయి కట్టేసింది. తర్వాత కిటికీ దగ్గరకు వచ్చింది. కనురెప్పల మీదా ముక్కు చివరా నీటి చుక్కలు.

“తెరవడం చెప్పావు, మూయడం చెప్పలేదు దానికి.”

“చెప్పాను వదినా. వినలేదు. కొత్త లైబ్రరీలో ఆ మాటకు అర్థం మారినట్టుంది.”

“మా తమ్ముడిలాగే,” అని వదిన వెళ్లిపోయింది.

కోడలు పాతదాన్ని మళ్లీ నిలబెట్టింది. మధ్యాహ్నానికి తల ప్రాణం తోకకొచ్చింది. పాత లైబ్రరీని కొత్త పేరుతో దాచి చూసింది, కొలమానం పసిగట్టింది. కొత్తదాన్ని పక్క అరలో పెట్టి చూసింది, తుంపర పొరబడి దాన్నే అందుకుని కూలబడింది. బయట ఎండ ముదిరింది. అన్నం తిన్న మగత, పంకా రొద, గాజు మీద చారలు. అక్షరాలు కిందికి జారుతూ జారుతూ ఆమె కళ్లల్లోనే జారుతున్నాయి. ఎక్కడో ఎవరో ఇద్దరు ఒకే తలుపులోంచి ఒకేసారి దూరబోతున్నట్టూ, తను గుమ్మంలో నిలబడి ‘ముందు మీరు, ముందు మీరు’ అంటున్నట్టూ కల వచ్చి, తలుపు చప్పుడుకు ఉలిక్కిపడింది.

భర్త తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. “ఇంకా తెమల్లేదా?”

“రెండూ ఇమిడేలా చూస్తున్నాను.”

“రెండూ ఎందుకిమడాలి? ఒకటి పోతే పోయె.”

“ఒకటి అంటే ఏది?”

అతను గాజు గోడ వైపు చూడకుండా గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు. “చర్చలొద్దు. నేను చెప్పినట్టు చెయ్యి, చాలు,” అని వెళ్లిపోయాడు.

ఆ మాట తర్వాత కోడలు చేసిన పని, ఈ వృత్తిలో ఉన్నవాళ్లు ఎవరూ చెయ్యకూడదని ఒకరికొకరు చెప్పుకునేదే, చెప్పుకుంటూనే ఎప్పుడో ఒకప్పుడు చేసేదే. ఆ పాత లినక్సుకు సరిపడే సరుకు దొరికే చోటు ఒకటి, కొత్త లినక్సుకు సరిపడే సరుకు దొరికే చోటు ఇంకొకటి. రెండు చోట్లనించీ తెచ్చుకోమని ఒకే కంప్యూటరుకు చెప్పింది. పట్టి ఉంచినదాన్ని వదిలేసింది. అన్నీ కలిపి నువ్వే సర్దుకో, నా తల తినకు, అని ఆజ్ఞ కొట్టింది.

తెర మీద పెద్ద జాబితా దిగింది. తీసేయబోయేవి ఇవీ, అంటూ. దాని అడుగున కంప్యూటరు ఒక షరతు పెట్టింది. ఇది ప్రమాదకరమైన పని, నిజంగా చెయ్యమంటే ఈ వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా కొట్టు, అని. ఆ వాక్యాన్ని తెలుగులో చెప్పుకుంటే, ‘అవును, నేను చెప్పినట్టు చెయ్యి!’

కోడలికి ఫక్కున నవ్వొచ్చింది. అచ్చం ఇందాక గుమ్మంలో నిలబడ్డ మనిషి నోట్లోంచి ఊడిపడ్డట్టుంది. జాబితా చదవలేదు. వాక్యాన్నే చదివింది, మళ్లీ చదివింది. కసిగా, ఒక్కో అక్షరం ఒత్తి ఒత్తి కొట్టింది, చివరి ఆశ్చర్యార్థకంతో సహా.

కంప్యూటరు చెప్పినట్టు చేసింది. పాత లైబ్రరీ పోయింది, తుంపర పోయింది, వాటి వెనకే తెర మీద బొమ్మలు గీసేవీ కిటికీలు తెరిచేవీ పోయాయి, చివరికి వేటి మీద అన్నీ నిలబడ్డాయో అవీ పోయాయి. తెర నల్లబడింది. దాని మూల ఒక తెల్ల గీత మాత్రం ఆరుతూ వెలుగుతూ ఉండిపోయింది.

గాజు అవతల గది తేటపడింది. తేటపడి అలాగే ఉండిపోయింది. ఉస్సుమనే చప్పుడు లేదు. ఇన్నాళ్లూ ఆ చప్పుడు వినడం లేదనే కోడలు అనుకునేది. ఆగాక తెలిసింది, ఇంట్లో ప్రతి మాట వెనకా అది ఉండేదని. వదిన గాజు దగ్గరకు వచ్చి నిలబడింది. ఈసారి తుడవాల్సిన పని లేకుండానే మొహం స్పష్టంగా కనిపించింది.

“పోయింది వదినా,” అంది కోడలు. “చదవకుండా కొట్టేశాను.”

వదిన తలెత్తి పైకప్పు మీది ఎండను చూసింది. “ఏడుపు తర్వాత. చేతిపంపులు ఎన్నున్నాయో చూడు. మీ అత్తయ్యను పిలు. వాణ్ని కూడా.”

నలుగురూ నాలుగు బల్లల మధ్య దూరారు. ఆకులకు మందు కొట్టే చేతిపంపులను కడిగి మంచినీళ్లు నింపారు. అత్తగారు చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, పని వంట పట్టిన మనిషి చేతివాటంతో, ఒక చేత్తో పంపు కొడుతూ ఇంకో చేత్తో పళ్లేలు తిప్పుతోంది. కొడుకు చొక్కా అప్పుడే తడిసి వీపుకు అతుక్కుంది. నీళ్లు పైకి లేచి, ఎండలో కాసేపు వేలాడి, ఆకుల మీదికి దిగుతున్నాయి. మళ్లీ గదంతా మసక. ఆ మసకలో మనుషుల కొలతలు మారిపోయాయి. అత్తగారు చిన్నపిల్లలా కనిపిస్తోంది, కొడుకు ఎవరో పరాయి పనివాడిలా కనిపిస్తున్నాడు. కోడలికి ఇదంతా ఎక్కడో ముందే జరిగినట్టనిపించింది.

“అక్కా, ఇక్కడ చాలా?”

అత్తగారి పంపు ఒక్క క్షణం ఆగింది. కొడుకు నేరుగా అడిగాడు.

“చాలదు. ఆకు కింద కూడా పడాలి,” అంది వదిన ఎక్కణ్నించో.

“ఎప్పుడు ఆపాలో ఎలా తెలుస్తుంది?”

“ఆకు మెరుస్తున్నంతసేపు కొట్టకు. మెరుపు తగ్గి మసకేసినప్పుడు కొట్టు. మబ్బు వస్తే ఆగు. తుంపర కూడా అదే చేస్తుంది, కాకపోతే ఆకు బదులు తేమ చూస్తుంది.”

“టైమరు మబ్బు చూడదుగా,” అన్నాడతను, తనలో తాను అనుకున్నట్టు. నెత్తిన పెట్టుకుని తెచ్చిన టైమరు అది. జవాబు చెప్పకపోవడమే మర్యాద.

కాసేపటికి అత్తగారు అడిగింది. “అసలు దేనికొచ్చిందే తంటా?”

కోడలు పంపు కొడుతూనే చెప్పింది. ఒకటే పెట్టె ఇద్దరికీ కావాలని, ఒకరికి పాతది పడుతుంది, ఒకరికి కొత్తది పడుతుందని, రెండూ ఒకే చోట ఉండవని.

“ఇద్దరికీ ఒక పొయ్యి మీద పొసగకపోతే వేరు కాపురం పెట్టించాలి గానీ, ఒకళ్లను గెంటేస్తారటే?” అంది అత్తగారు, ఏముంది ఇందులో అన్నట్టు. “ఇంటి వెనక గదిచ్చి, వాళ్ల పొయ్యి వాళ్లకిస్తే సరిపోదూ.”

వదిన పంపు ఆగింది. కోడలి పంపు కూడా ఆగింది. కంప్యూటరు లోపలే గోడ కట్టి, అందులో ఒక చిన్న గది చేసి, ఆ గదికి దాని పాత లినక్సు, దాని పాత లైబ్రరీ దానికిచ్చేయొచ్చు. బయట అంతా కొత్తది. లోపలివాళ్లకు బయట ఏం మారిందో తెలియదు, బయటివాళ్లకు లోపలివాళ్లతో పేచీ లేదు. తనకిది తెలుసు. ఇదివరకటి ఉద్యోగంలో చేసింది కూడా. రెండు రోజులుగా ఇద్దరిలో ఎవరు అని కొట్టుకుంటూ ఉంటే, గది సంగతి మనసుకే రాలేదు.

సాయంత్రానికి ఎండ తగ్గి మొక్కలు ఊపిరి పీల్చుకున్నాయి. పడమటి వైపు బల్ల మీద కొన్ని పళ్లేలు మాత్రం వాడిపోయాయి. కోడలు వాటి దగ్గర నిలబడితే వదిన వచ్చి భుజం మీద చెయ్యి వేసి, ఏమీ అనకుండా వెళ్లింది. అది తిట్టుకంటే కష్టంగా ఉంది.

బుధవారమంతా ముగ్గురు చేతిపంపులతో గదిలో ఉంటే, కోడలు కంప్యూటరుకు కొత్త డిస్కు బిగించి, కొత్త లినక్సు ఎక్కించింది. దాని లోపల చిన్న గది కట్టింది. వదిన తన తాళాలగుత్తికి వేలాడే పెన్‌డ్రైవు విప్పి ఇచ్చింది, తుంపర అందులో ఉంది. పాత లినక్సు కూడా దొరికింది. ఆ లైబ్రరీ మాత్రం సరిగ్గా ఆ రకానిది ఎక్కడ వెతికినా లేదు. అందరూ పారేశారు. కోడలు చేతులెత్తేయబోతూ, చెరపకుండా పక్కన పెట్టిన పాత డిస్కులోకి ఊరికే తొంగి చూసింది. కంప్యూటరు ఏది తెచ్చుకున్నా, విప్పి వాడుకున్నాక దాని మూటను ఒక మూల అటకెక్కించి మరిచిపోతుంది. ఆ అటక మీద, ఎవరూ దులపని సామాను మధ్య, ఆ లైబ్రరీ మూట కట్టినది కట్టినట్టే ఉంది.

గదికి ఒక పేరు పెట్టాలంది కంప్యూటరు. కోడలు ఆలోచించలేదు. ‘వదిన’ అని కొట్టింది.

గోడ అవతల నాజిళ్లు ఒకసారి దగ్గి, ఉస్సుమన్నాయి. గది తెల్లబడింది. ఆగాయి. గది తేటపడింది. చేతిపంపులు పట్టుకుని నిలబడ్డ ముగ్గురూ పైకి చూశారు. వదిన కిటికీలోంచి తల పెట్టి తెర మీది వరుసను చదివింది.

వదిన: నడుస్తోంది.

“ఇంకో పేరు దొరకలేదుటే నీకు?” అంది. నవ్వుతోంది గానీ, ఆ తెర వంక చూసిన చూపు నవ్వులో కలవలేదు. “ఇక ఎన్ని అప్‌డేట్లు వచ్చినా దీనికేం కాదా?”

“బయట ఇల్లు కూలినా ఏం కాదు వదినా. మీరు ఇక పట్టుకుని కూర్చోనక్కర్లేదు.”

“నిజంగా?”

“నిజంగా.”

వదిన కాసేపు అలాగే కిటికీలో తల పెట్టుకుని నిలబడింది. తర్వాత, “బొంగురు నాజిల్‌ని కనిపెట్టడం వచ్చేసిందా నీకు?” అని అడిగింది. వచ్చిందంది కోడలు. ఆ ప్రశ్న అప్పుడెందుకొచ్చిందో ఆమెకు తట్టలేదు.

గురువారం టోకు వ్యాపారి మనిషి వచ్చాడు. బూట్లు తడవకుండా గుమ్మంలోనే నిలబడి, చేతిలో పలక లాంటి తెరను పైకీ కిందికీ జరిపాడు. కొలమానం నడుస్తోంది. తేమ గీత ఎక్కడా ఎగుడుదిగుళ్లు లేకుండా సాఫీగా ఉంది. “మా టైమరు పెట్టుకున్న చోట కూడా ఇలా రావడం లేదండీ,” అన్నాడతను. “ఏం చేస్తున్నారు మీరు?” కొడుకు ఏదో చెప్పబోయి, ఆగి, “అక్కను అడగండి,” అన్నాడు.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర అతను ఉదారంగా ఉన్నాడు. కూర గిన్నె తానే అక్క వైపు జరిపాడు. అమ్మ మీదుగా కాకుండా సూటిగా అన్నాడు. “అక్కా, తుంపర ఉంటుంది. పీకేది లేదు. నువ్వేం దిగులు పెట్టుకోకు. ఎప్పటిలాగే ఉండు.”

కోడలికి గట్టెక్కినట్టనిపించింది. ఈ మాట కోసమే కదా నాలుగు రోజుల తిప్పలు.

వదిన కూర వేసుకుంది. “నేను వెళ్తున్నానురా,” అంది.

“ఎక్కడికి?”

“వంతెన అవతల పరిశోధన తోట లేదూ, అక్కడ పని. ఎప్పటినించో రమ్మంటున్నారు. ఇప్పుడు కాదు, ఇప్పుడు కాదు అంటూ వచ్చాను. గది కూడా వాళ్లే చూసి పెట్టారు. ఇవాళ వస్తున్నానని చెప్పేశాను.”

“అదేంటి,” అన్నాడు తమ్ముడు. “ఉండమంటున్నాగా.”

“నువ్వు పొమ్మంటావని కాదురా నేను ఉన్నది. ప్రతి అప్‌డేటుకూ ఆగిపోయేదాన్ని వదిలి ఎలా పోను? మొక్కలు చస్తాయి, అమ్మ కుంగిపోతుంది, నువ్వు ఎవరి మీదో అరుస్తావు. ఇప్పుడు దానికో గది కుదిరింది. నాకు సెలవు దొరికింది.” కోడలి వైపు తిరిగింది. “ఇది ఇప్పించింది.”

పోకుండా ఆపుదామని కోడలు కట్టిన గది, పోవడానికి తలుపు తీసింది. చివుక్కుమన్న గుండె ఆ రోజు పొరబాటున చివుక్కుమంది. ఇవాళ సరైన కారణానికే నొచ్చుకుంటోంది. అయినా వదిన మొహంలో ఆ తేటదనం చూస్తే ఉండమనడానికి నోరు రాలేదు.

అత్తగారు మంచినీళ్ల గ్లాసు పట్టుకుని తాగకుండా కూర్చుంది. “నేను వేరు కాపురమన్నది ఆ ప్రోగ్రాము గురించే,” అంది చివరికి.

“నాకు నా గురించి వినపడిందమ్మా,” అంది వదిన.

శనివారం ఒక పెట్టె, ఒక స్టూలు పట్టుకుని వెళ్లింది. స్టూలు ఎందుకని అడిగితే, నా కాళ్లకు అలవాటైనది అంది. మళ్లీ ఏమనుకుందో గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, స్టూలును మొక్కల గదిలో దాని మూలనే పెట్టి వెళ్లింది.

ఆదివారం పొద్దున కోడలు కంప్యూటరు ముందు కూర్చుంది. వెనక ఎవరో నిలబడ్డట్టనిపిస్తే తిరిగి చూసింది. అత్తగారు.

“ఏమంటోంది?” అంది ఆమె.

“ఏది అత్తయ్యా?”

“అదే. దాని సంగతి.”

కోడలు ఆజ్ఞ కొట్టింది. తెర మీద వచ్చిన వరుసను పైకి చదివింది. “వదిన. నడుస్తోంది.”

“మంచిది,” అని అత్తగారు చెంగుతో మొహం తుడుచుకుంటూ వెళ్లిపోయింది. మధ్యాహ్నం ఒకసారి వచ్చి అడిగింది. సాయంత్రం ఇంకోసారి వచ్చింది. లైబ్రరీని తీసేస్తే ఎవరెవరు పడిపోతారని ఆ రోజు కంప్యూటరును అడిగితే ఒకే పేరు చెప్పింది. దానికి తెలిసింది అంతే మరి.

పొద్దు వాలుతుండగా భర్త మొక్కల గదిలోకి వెళ్లడం కోడలు గాజులోంచి చూసింది. తల పైకెత్తి, ఒక్కో నాజిల్ కిందా ఆగి ఆగి నడుస్తున్నాడు. మూల దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత ఫోను తీశాడు. కిటికీ తెరిచే ఉంది.

“అక్కా, నేనే... ఏం లేదు. ఆ మూలది కాస్త బొంగురుగా ఉందేమోనని... ఆఁ. విప్పుతాంలే. అందుక్కాదు.”

నాజిళ్లు ఉస్సుమన్నాయి. గది చెరిగిపోయింది, అతనూ చెరిగిపోయాడు. గొంతు మాత్రం మిగిలింది.

“అక్కడ... బాగానే నడుస్తోందా?”

అవతల ఏమందో వినబడలేదు. కోడలు టూత్‌బ్రష్షు తీసుకుని తలుపు తీసింది. కళ్లద్దాలు మసకబారాయి. చేత్తో తడుముకుంటూ మూల దాకా వెళ్లేసరికి, అతను ఫోను ఇంకా చెవికి ఆనించుకునే, కాలితో స్టూలు జరుపుతున్నాడు.

“వెనకనించి రుద్దాలట,” అన్నాడు.

“తెలుసు,” అని ఆమె స్టూలెక్కింది.